మెడలో నరం పుట్టలేదన్నారు, ఇప్పుడేం చేయాలి?

సోంపేట దగ్గరి ఒక ఊరి నుంచి 39 ఏళ్ళ సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తారు. పదేళ్ళుగా ఎడమవైపు తలనొప్పి. వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లో (డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు) ఇంజెక్షన్ వేయించుకుని పనిలోకి పోవడం అలవాటు. మొన్న వేసవిలో కూర్చున్న చోటి నుంచి లేవబోయి కళ్ళు తిరిగి పడిపోయారు. అంతకు వారం ముందు కుడిచేయి పావుగంట సేపు తిమ్మిరెక్కిందట.

శ్రీకాకుళంలో మెడకు డాప్లర్ (నెత్తురు పారకాన్ని చూపే అల్ట్రాసౌండ్) తీశారు. ‘ఎడమ ఇంటర్నల్ కెరోటిడ్ కనిపించడం లేదు, పూర్తిగా మూసుకుపోయి ఉండవచ్చు’ అని రాశారు. నెత్తురు పలుచన చేసే ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, కొలెస్టరాల్‌కు అటోర్వాస్టాటిన్ 20 మొదలుపెట్టారు. పక్షవాతం రావచ్చన్నారు, స్టెంటు మాట కూడా ఎత్తారు. రెండు నెలలకు విశాఖపట్నంలో సీటీ యాంజియో తీస్తే కథ మారింది: ‘ఎడమ ఇంటర్నల్ కెరోటిడ్ ఎజెనెసిస్. ఎడమ కెరోటిడ్ కెనాల్ లేదు. బొవైన్ ఆర్చ్.’ పుట్టుకతోనే లేదు, ఏమీ కాదు, వెళ్ళండి అన్నారు. మాత్రలు ఆపాలో వాడాలో ఎవరూ చెప్పలేదు. ఐదు నెలలుగా మూడూ మింగుతున్నారు. ఈ ఐదు నెలల్లో నెలసరి ఎనిమిదేసి రోజులు, గడ్డలు గడ్డలుగా పోతోంది. దగ్గరి పట్నంలో చూపిస్తే గర్భసంచి తీయించేయమన్నారు.

ఇంట్లో సంగతి ఇంకొకటి. భర్త ‘అప్పో సప్పో చేసి కొత్త నరం వేయించీద్దుం’ అంటున్నారు. అత్తగారు ‘లోపం ఉన్న పిల్లని మాకు అంటగట్టీసినారు, కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళమ్మ గ్రహణం చూసుంటాది’ అంటున్నారు. బొవైన్ అంటే ఆవు అని ఎవరో చెప్పడంతో అదొక భయం. చిన్నప్పటి నుంచి ఎడమ రెప్ప కాస్త వాలి ఉంటుందని, ‘నిద్రమొహం’ అని ఏడిపించేవారని, ఇప్పుడు దాన్నీ దీనికే ముడిపెడుతున్నారని రాశారు. పక్క ఊళ్ళో ఒకాయన మెడ నరం పట్టి లాగితే సరిపోతుందన్నాడట. కూతురు ఇంటర్ పూర్తి చేసింది, సంబంధాలు వస్తున్నాయి. ‘గుంటకి కూడా స్కానింగ్ తీయించాలా? పెళ్ళివారికి చెప్పాలా? నాకేటవుతాదో అని రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు’ అని ముగించారు. కాగితాల్లో బీపీ 150/96, హిమోగ్లోబిన్ 8.9, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే నెత్తురు పరీక్ష) 1.3 అని ఉంది.

అమ్మా,

మీ ఇంటి గొడవలో సగం ‘నరం’ అనే మాట దగ్గర మొదలైంది. మన వైపు ఒంట్లో సన్నగా, పొడుగ్గా ఉండే ప్రతిదీ నరమే. నెత్తురు మోసేదీ నరమే, నొప్పిని చేరవేసేదీ నరమే, పిక్క మీద నీలంగా ఉబ్బేదీ నరమే. అందుకే ఒకాయన లాగుతానంటున్నాడు, మీ ఆయన కొత్తది వేయిద్దామంటున్నారు. మీకు లేనిది నెత్తురు మోసే ఒక గొట్టం, ధమని.

మెదడుకు నెత్తురు నాలుగు దారుల్లో ఎక్కుతుంది. మెడ ముందువైపు కుడి, ఎడమ కెరోటిడ్ ధమనులు, వెనక వెన్నుపూసల రంధ్రాల్లోంచి పైకి పోయే రెండు వెర్టెబ్రల్ ధమనులు. గొంతుముడి పై అంచు దాకా వచ్చాక ఒక్కో కెరోటిడ్ రెండుగా చీలుతుంది. బయటి కొమ్మ ముఖానికి, నాలుకకు, థైరాయిడ్‌కు, తల చర్మానికి పంచుతుంది. లోపలి కొమ్మ, అంటే ఇంటర్నల్ కెరోటిడ్, మెడలో ఒక్క పిల్లకొమ్మ కూడా వేయకుండా నేరుగా పుర్రె అడుగుకు పోయి, చెవి పక్కనున్న గట్టి ఎముకలోని ఒక సొరంగం గుండా లోపలికి దూరుతుంది. కంటికి, మెదడు ముందు భాగానికి అదే ఆధారం. మీకు ఎడమవైపు ఆ లోపలి కొమ్మ ఏర్పడలేదు. పదివేల మందిలో ఒకరికన్నా తక్కువ మందిలో కనిపించే సంగతి ఇది. 1787లోనే టోడె అనే వైద్యుడు ఒక శవపరీక్షలో దీన్ని చూసి రాశాడు. కుడికంటే ఎడమవైపు లేకపోవడమే ఎక్కువ.

రెండు రిపోర్టులు ఎందుకు కొట్టుకుంటున్నాయి? డాప్లర్ యంత్రం చూడగలిగేది కాలరు ఎముక నుంచి దవడ మూల దాకానే. ఎముక అవతల దానికి చీకటి. ‘కనిపించడం లేదు’ అన్నది అది చూసిన నిజం. ‘మూసుకుపోయి ఉండవచ్చు’ అన్నది రాసినవారి ఊహ. అరవై దాటి, చుట్ట తాగే మధుమేహ రోగి విషయంలో ఆ ఊహ చాలాసార్లు నిజమవుతుంది కూడా. అయితే అదే కాగితంలో ఒక ఆధారం ఉండిపోయింది: చీలిక ముందున్న ఎడమ కెరోటిడ్ 4.1 మిల్లీమీటర్లు, కుడిది 7.2. ఇన్నేళ్ళు పూర్తి నెత్తురు మోసి తర్వాత మూసుకుపోయిన గొట్టమైతే చీలిక కింది భాగం లావుగానే ఉంటుంది, చీలిక దగ్గర ఒక మొండి, కొవ్వు పేరుకున్న గోడ కనిపిస్తాయి. మీది మొదటి నుంచీ సన్నం, గోడ నున్నన. మోయాల్సిన బరువు తక్కువ కాబట్టి సన్నగా పెరిగింది.

అసలు సాక్ష్యం ఎముకలో ఉంది. పొలానికి తవ్విన కాలువ పూడుకుపోయినా గట్లు మిగులుతాయి. అసలు తవ్వని చోట గట్లే ఉండవు. కెరోటిడ్ కెనాల్ అంటే ఆ గట్లే. తల్లి కడుపులో పిండానికి ఐదారు వారాలప్పుడు పుర్రె అడుగు తయారవుతూ, అక్కడ ధమని ఉంటేనే దాని చుట్టూ సొరంగంగా ఎదుగుతుంది. ధమని లేకపోతే సొరంగం రాదు. ముప్పై ఏళ్ళకు మూసుకుపోయిన ధమనికి సొరంగం అలాగే నిలిచి ఉంటుంది. కాబట్టి ‘ఎడమ కెనాల్ లేదు’ అన్న ఒక్క వాక్యం డాప్లర్ ఊహను కొట్టేసింది. సొరంగం ఉండి మరీ సన్నగా ఉంటే అది వేరే లెక్క: ధమని ఏర్పడి ఎదగకపోవడం, లేదా చిన్నతనంలోనే ఏదో జబ్బు వల్ల కుంచించుకుపోవడం. అందుకని ఒక పని చేయండి. యాంజియో తీసినచోట సీడీ అడిగి తెచ్చుకోండి. ఫిల్ము మీద వచ్చేవి ఏరిన బొమ్మలు మాత్రమే. ఫోన్లో తీసిన ఫిల్ము ఫొటో అసలే పనికిరాదు. న్యూరాలజిస్టు దగ్గర సీడీ పెట్టి, ‘పుర్రె అడుగు ఎముకను పలుచని ముక్కల్లో, రెండు వైపులూ పక్కపక్కన చూపించండి’ అని అడగండి. కుడివైపు పెన్సిలు పట్టేంత సొరంగం, ఎడమవైపు నిండు ఎముక కనిపిస్తే ఇక ‘మూసుకుపోయింది’ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానక్కర్లేదు.

రెప్ప సంగతి. రెప్పను కాస్త ఎత్తి పట్టే, కంటిపాపను పెద్దది చేసే సన్నని నాడులు (ఇవి నిజంగా నరాలే) పుర్రెలోకి పోయేటప్పుడు ఈ ధమనినే అంటిపెట్టుకుని పాకుతాయి. ధమని లేనిచోట కొందరిలో ఆ నాడులూ సరిగా ఎదగవు. అప్పుడు రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు వాలుతుంది, ఆ వైపు కంటిపాప చిన్నగా ఉంటుంది. మసక వెలుతురులో అద్దం ముందు రెండు పాపలూ పోల్చి చూసుకోండి. తర్వాత బడి ఫొటో, పెళ్ళి ఫొటో తీసి చూడండి. వాటిలో కూడా వాలి ఉంటే అది మీతోపాటు పుట్టిందే, దానికి చేయాల్సిందేమీ లేదు. పాత ఫొటోల్లో లేకుండా ఈ మధ్యే మొదలై ఉంటే, అందులోనూ మెడనొప్పితో వచ్చి ఉంటే, అది ధమని గోడ చీలినప్పుడు వచ్చే లక్షణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాల్సిన సంగతి.

ఆవు భయం తీసేయండి. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని వంపు మీద మామూలుగా మూడు కొమ్మలుంటాయి. కొందరిలో మొదటి రెండూ ఒకే మొదలు పంచుకుంటాయి. దానికి ఎవరో బొవైన్ అని పేరు పెట్టారు. నిజానికి ఆవుకు ఆ చోట అన్ని కొమ్మలకూ కలిపి ఒకే పెద్ద మాను ఉంటుంది, కాబట్టి పేరే తప్పు. నూటికి పదిమంది నుంచి ఇరవైమందికి పైగా ఉండేదే ఇది. కాలి నుంచో చేతి నుంచో తీగ పంపి మెదడు ధమనుల్లో పని చేసే డాక్టరుకు దారి తెలియడానికి తప్ప మీకు దానితో పని లేదు.

ఇక ఎడమ మెదడుకు నెత్తురు ఎక్కడిది? మెదడు అడుగున ఈ నాలుగు ధమనులనూ కలిపే ఒక వలయం ఉంది. కుడి కెరోటిడ్ నుంచి ముందు వంతెన మీదుగా, వెనక ధమనుల నుంచి వెనక వంతెన మీదుగా నెత్తురు ఎడమవైపుకు దాటుతుంది. పుట్టక ముందు నుంచీ అలవాటైన దారి కాబట్టి చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు, వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడుతుంది. మీకు బయటపడింది కూడా అలాగే అని నా అంచనా. పది దాటని హిమోగ్లోబిన్‌తో, వేసవి ఉక్కలో, గంటలకొద్దీ కూర్చుని ఒక్కసారి లేస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి.

అయితే ‘ఏమీ కాదు, వెళ్ళండి’ అన్న మాటతోనూ నేను పూర్తిగా ఏకీభవించను. ఒకరి కోసం వేసిన వంతెన మీద ఇద్దరి బరువు ఏళ్ళ తరబడి నడిస్తే, ధమనులు చీలేచోట గోడ ఉబ్బే అవకాశం ఉంది. ఆ ఉబ్బును ఎన్యురిజం అంటారు. మామూలు జనంలో నూటికి ఇద్దరు నుంచి నలుగురిలో ఉంటే, ఈ ధమని లేనివారిలో నూటికి 24 నుంచి 34 మందిలో కనిపించిందని వైద్య సాహిత్యం చెబుతుంది. ఈ అంకె చూసి హడలిపోకండి. ప్రచురించినవి ఎక్కువగా ఏదో లక్షణం వచ్చి స్కాన్ తీసిన కేసులు. ఏ లక్షణమూ లేక ఎవరి కంటా పడనివారు ఆ లెక్కలోకి రారు. అసలు నిష్పత్తి అంతకంటే తక్కువే ఉండాలి. కానీ చూడకుండా వదిలేసేంత తక్కువ కాదు. మీ సీటీ రిపోర్టులో ఎన్యురిజం ఉందనీ లేదనీ ఒక్క ముక్క లేదు. కాబట్టి అదే సీడీ మీద మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి: ముందు, వెనక వంతెనల మీద ఉబ్బు ఉందా? ఎడమ మెదడుకు నెత్తురు ఏ వంతెన మీదుగా వస్తోంది? పుర్రె లోపల కుడి నుంచి ఎడమకు, పిట్యుటరీ గ్రంథి కిందుగా దాటే కొమ్మ ఏమైనా ఉందా? ఈ మూడోది అరుదు. ఉంటే మాత్రం రేపెప్పుడైనా ముక్కు గుండా అక్కడ ఆపరేషన్ చేయాల్సి వస్తే ఆ డాక్టరుకు తెలిసి తీరాలి.

కొత్త స్కాన్ కావాలంటే మళ్ళీ సీటీకి తొందరపడొద్దు. దానికి రంగుమందు ఎక్కిస్తారు, అది కిడ్నీలకు బరువు. రంగుమందు లేకుండానే ధమనులను చూపే ఎంఆర్ఏ పద్ధతి ఉంది, ‘టైమ్ ఆఫ్ ఫ్లైట్’ అని అడగండి. ఇప్పుడు శుభ్రంగా ఉందని తేలితే మళ్ళీ ఎన్నేళ్ళకు చూడాలన్నదానికి అందరూ ఒప్పుకున్న సూత్రం లేదు. మూడు నుంచి ఐదేళ్ళకోసారి చూడమనే డాక్టర్లు ఉన్నారు, లక్షణాలొస్తేనే చూద్దామనేవారూ ఉన్నారు. మొదటిదానికి ఖర్చు, ప్రతిసారీ జవాబు వచ్చేదాకా గుబులు. రెండోదానికి, పెరిగే ఉబ్బును ముందుగా పట్టుకునే అవకాశం పోవడం. బీపీ ఉన్న మీకు నేనైతే మొదటిదాని వైపే మొగ్గుతాను.

కిడ్నీల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మీ కాగితాలన్నిటిలోనూ నా కన్ను ఎక్కువసేపు ఆగింది ఆ మూలనున్న 1.3 దగ్గర. ఎవరూ దాని ఊసెత్తినట్టు లేదు. క్రియాటినిన్ 1.3 అంటే ‘కొంచెమే ఎక్కువ’ అనిపిస్తుంది. కానీ 39 ఏళ్ళ స్త్రీకి లెక్క కడితే కిడ్నీల వడపోత నిమిషానికి 53 మిల్లీలీటర్ల దగ్గర తేలుతుంది. అది 60కి తక్కువగా మూడు నెలలు నిలిస్తే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. మీరున్నది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో. ఎవరింట్లో ఎవరికి డయాలసిస్ జరుగుతోందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పదేళ్ళుగా తలనొప్పికి వేయించుకుంటున్న ఆ డైక్లో ఇంజెక్షన్ కిడ్నీకి చేటు, బీపీనీ పెంచుతుంది, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే కడుపులో పుండు పడి నెత్తురు పోయేలా చేస్తుంది. దాన్ని ఈరోజే ఆపేయండి. నెలసరి నొప్పికి వేసుకునే మెఫనమిక్ మాత్రా ఆ జాతిదే. తలనొప్పికి పారాసిటమాల్ 650 వేసుకోవచ్చు, కానీ అదీ నెలలో పదిహేను రోజులు వాడితే మాత్రే తలనొప్పి తెచ్చిపెడుతుంది. మీ నొప్పి వర్ణన మైగ్రేన్‌లా ఉంది, దానికి రాకుండా వాడే మందులు వేరే ఉన్నాయి, న్యూరాలజిస్టును అడగండి. క్రియాటినిన్ మళ్ళీ తీయించండి, దాంతోపాటు మూత్రంలో ఆల్బుమిన్, పొట్ట స్కాన్. రెండోసారీ అలాగే ఉంటే పలాసలోని కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గర.

బీపీ ఒక్కసారి 150/96 వచ్చిందని మాత్ర మొదలుపెట్టరు, వదిలేయనూ వదిలేయరు. వారం రోజులు పొద్దున, సాయంత్రం, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక కొలిపించుకుని రాసి పెట్టుకోండి. ఏదో ఒక పూట, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు కూడా కొలవండి. పై అంకె 20 పడిపోతే కళ్ళు తిరగడానికి కారణం అక్కడే దొరికినట్టు. మీ విషయంలో బీపీకి రెండు వైపులా పదునుంది. ఎక్కువైతే వంతెనలకూ కిడ్నీలకూ చేటు. ఒక్కసారిగా బాగా పడిపోతే వంతెన దాటి ఎడమవైపుకు చేరే నెత్తురు తగ్గుతుంది. అందుకే మందు తక్కువ మోతాదుతో మొదలెట్టి మెల్లగా పెంచమని అడగండి. 130/80 లోపు గురి, కానీ వారంలో చేరాల్సిన పని లేదు. వాంతులు, విరేచనాలు అయిన రోజున బీపీ మాత్ర వేసుకునే ముందు డాక్టరును అడగండి, ఓఆర్‌ఎస్ తాగండి.

మాత్రల చిక్కుముడి ఇప్పుడు. రెండు పలుచన మందులూ ‘మూసుకుపోయింది’ అన్న ఊహ మీద మొదలయ్యాయి. ఊహ పోయింది, మందులు మిగిలాయి. ఆసుపత్రులు మారినప్పుడు ఇది తరచుగా జరిగేదే: పాత చీటీని ఎవరూ తిరగేయరు. చిన్నపాటి పక్షవాతం వచ్చినవారికి కూడా ఈ రెండూ కలిపి సాధారణంగా 21 రోజులు, కొన్ని సందర్భాల్లో 90 రోజుల దాకా ఇచ్చి, తర్వాత ఒక్కటే ఉంచుతారు. మీకు ఐదు నెలలైంది. మీ అంతట మీరు ఆపేయొద్దు, కానీ ఈ వారంలోనే డాక్టరును సూటిగా అడగండి: ‘ఈ రెండూ దేనికి?’

ఆయన జవాబు మీ కుడిచేతి తిమ్మిరి మీద ఆధారపడుతుంది. కాబట్టి వెళ్ళేముందు బాగా గుర్తు తెచ్చుకోండి. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్ళు మాత్రమే తిమ్మిరెక్కి, చేయి విదిలిస్తే తగ్గిందా? అలాగైతే రోజంతా పొట్టు తీసే చేతికి మణికట్టు దగ్గర నాడి నలిగి ఉండొచ్చు. చేతి నుంచి మెల్లగా పాకి, కళ్ళముందు వంకర గీతల మెరుపులొచ్చి, తర్వాత తలనొప్పి వచ్చిందా? అది మైగ్రేన్ తీరు. ఉన్నట్టుండి చేయి మొత్తం ఒక్కసారిగా మొద్దుబారి, పట్టుకున్నది జారిపోయి, మాట తడబడి, నోరు వంకరపోయిందా? అప్పుడు అది ఎడమ మెదడుకు నెత్తురు క్షణకాలం అందకపోవడమే కావచ్చు. మొదటి రెండూ అయితే పలుచన మందులు రెండూ మానిపించే అవకాశమే ఎక్కువ. మూడోదైతే ఒకటి, బహుశా ఆస్పిరిన్, ఉంచుతారు. ఎన్యురిజం బయటపడితే దాని సైజు, చోటు చూసి మళ్ళీ లెక్క వేస్తారు. అటోర్వాస్టాటిన్ సంగతి మీ కొలెస్టరాల్, కిడ్నీ రిపోర్టులు చూసి తేల్చేది, దానికి తొందర లేదు.

ఈ ముడి విప్పేదాకా గర్భసంచి జోలికి పోవద్దు. మాత్రలు మొదలైన నెల నుంచే నెత్తురు ఎక్కువైందని మీరే రాశారు. రెండు పలుచన మందులతో అది జరిగేదే. డాక్టరు వాటిని తగ్గించాక రెండు మూడు నెలసరులు చూడండి. ఈలోగా పొట్ట స్కాన్‌లో గర్భసంచిలో గడ్డలున్నాయేమో చూపించుకోండి, థైరాయిడ్ పరీక్ష చేయించండి, ఐరన్ మొదలుపెట్టండి. ఆగకపోతే గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూపు ఒక దారి. నెత్తురు ఆపే ట్రానెక్సమిక్ మాత్ర ఇస్తే మెడ సంగతి, కిడ్నీ సంగతి రెండూ ముందే చెప్పండి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు బీపీని, గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి, మీకు సరిపోవు. అన్నీ అయ్యాక ఆపరేషనే దారి అని తేలితే చేయించుకోకూడదని కాదు. హిమోగ్లోబిన్ పెరిగాక, మత్తు డాక్టరుకు ఈ రిపోర్టు ముందుగా చూపించి చేయించుకోవాలి. నడుముకు ఇచ్చే మత్తు కూడా బీపీని ఒక్కసారిగా పడగొడుతుంది.

మీ ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి. అయ్యా, మీ ఆదుర్దా అర్థమవుతోంది. కానీ స్టెంటు అంటే ఉన్న గొట్టంలో ఇరుకైన చోట తొడిగే జాలీ. గొట్టమే లేనిచోట తొడగడానికి ఏముంది? తల చర్మపు ధమనిని మెదడు ధమనికి కుట్టే బైపాస్ అనే ఆపరేషన్ ఉంది. ఎడమ మెదడుకు నిజంగా నెత్తురు చాలడం లేదని పరీక్షల్లో తేలి, మందులతో ఆగకపోతేనే దాని ఆలోచన. వంతెనలు బాగా పనిచేస్తున్నవారికి అది లేని ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడం. ఆ అప్పు చేయకండి. చేయాల్సిన ఖర్చల్లా ఒక ఎంఆర్ఏ, కొన్ని నెత్తురు పరీక్షలు, ఒక మంచి బీపీ మిషను.

మెడ లాగే ఆయన గడప తొక్కొద్దు. మెడను విదిలించి విరిచినప్పుడు ధమని లోపొర చీలి గడ్డకట్టడం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే జరుగుతుంది. నాలుగు దారులున్నవాడికి ఒకటి పోతే మూడుంటాయి. మీకు ఆ వెసులుబాటు తక్కువ.

అమ్మాయి మాట. ఇది సాధారణంగా తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కాదు. ఏ లక్షణమూ లేని పిల్లకు స్కాన్ అవసరం లేదు. తీయిస్తే ఏదో ఒక చిన్న తేడా కనిపించి (మెడ ధమనుల్లో వంపులూ తేడాలూ చాలామందికి ఉంటాయి) ఇంకో ఆరు నెలలు మీ ఇల్లు ఇలాగే తిరుగుతుంది. చేయించాల్సింది ఇంకొకటి ఉంది: బీపీ, క్రియాటినిన్, మూత్రపరీక్ష. అది మీ మెడ వల్ల కాదు, మీ ఊరి వల్ల. అమ్మాయికీ, మీ ఆయనకీ, అత్తగారికీ కూడా.

పెళ్ళివారికి చెప్పాలా అంటారా. అమ్మాయికి లేనిదాన్ని ఆమె సంబంధంలో దాచడమూ లేదు, చెప్పడమూ లేదు. అయితే ఊళ్ళో ఇప్పటికే నలుగురికి తెలిసిందని రాశారు. దాచితే ‘లోపం’ అన్న మాట మరొకరి నోటి నుంచి, మరో రంగుతో వాళ్ళకు చేరుతుంది. చెబితే కొందరు వెనక్కి తగ్గొచ్చు, అదీ నిజమే. చెప్పదలిస్తే ‘పిల్లకు రాదు’ అని న్యూరాలజిస్టు చీటీ మీద ఒక వాక్యం రాయించుకుని దగ్గర పెట్టుకోండి. ఎటు నిర్ణయించినా అమ్మాయిని కూర్చోబెట్టి ముందు ఆమెకు చెప్పండి. పెళ్ళి ఆమెది.

అత్తగారికి గ్రహణం సంగతి ఎలా చెప్తారో మీ ఇష్టం. ఈ ధమని ఏర్పడాల్సిన రోజులకు చాలామంది తల్లులకు నెల తప్పిన సంగతే రూఢి అయి ఉండదు. మీ అమ్మగారు ఏం తిన్నా, ఏం చూసినా దీనికి సంబంధం లేదు. ఆవిడ మాట మారకపోతే వాదన పెంచుకోకండి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆవిడను కూడా తీసుకెళ్ళండి. మీరు చెబితే వినని మాట అక్కడ వినొచ్చు.

అత్యవసరం ఏదో ఇంట్లో అందరికీ తెలియాలి. జీవితంలో ఎన్నడూ రానంత తలనొప్పి ఒక్క క్షణంలో పిడుగుపడ్డట్టు రావడం, దాంతో వాంతి, మెడ బిగుసుకోవడం, స్పృహ తప్పడం. లేదా మూతి వంకర, ఒక చేయి పడిపోవడం, మాట తడబాటు. ఏది వచ్చినా 108. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు, అదీ మెదడులో నెత్తురు చిట్లలేదని సీటీ చూశాకే. అందుకని ఇంట్లో ఆస్పిరిన్ మింగించడం, నిమ్మరసం పట్టించడం వద్దు. మీ ఊరి నుంచి బరంపురం దగ్గరో, శ్రీకాకుళం దగ్గరో, ఎక్కడ రాత్రిపూట కూడా సీటీ తీసి ఆ ఇంజెక్షన్ ఇస్తారో, మీ వైద్యసేవ కార్డు ఎక్కడ చెల్లుతుందో ఇప్పుడే కనుక్కుని నంబరు గోడ మీద రాసి పెట్టండి.

చివరిగా ఒక చిన్న కార్డు. పోస్టుకార్డు అంత అట్ట మీద ఇలా రాయించి, లామినేషన్ చేయించి, ఆధార్‌తో పాటు సంచిలో పెట్టుకోండి. ఫోన్ వెనక కవరులో ఇంకొకటి. ‘ఎడమ ఇంటర్నల్ కెరోటిడ్ ధమని పుట్టుకతో లేదు, మూసుకుపోయినది కాదు. కుడి కెరోటిడే ప్రధాన ఆధారం: మెడ కుడివైపు నొక్కరాదు, అటు సూది వేయాల్సి వస్తే అల్ట్రాసౌండ్ చూస్తూ మాత్రమే. మత్తులో బీపీ పడిపోనివ్వరాదు. క్రియాటినిన్ 1.3: డైక్లోఫెనాక్ వద్దు, రంగుమందు ముందు కిడ్నీ పరీక్ష. స్కాన్ సీడీ ఇంట్లో ఉంది, తెప్పించండి.’ కింద మీ ఆయన ఫోన్ నంబరు, క్రియాటినిన్ తీసిన తేదీ. క్రియాటినిన్ మారినప్పుడల్లా ఆ అంకె మార్చి కొత్త కార్డు రాయించండి.